పాల కేంద్రంలో మందుల డబ్బా

మొన్న ఆదివారం ఇద్దరమ్మాయిలు మదనపల్లెలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఇద్దరూ సోషల్ వర్క్ చదివారు. క్షయరోగుల కోసం పనిచేసే ఒక చిన్న సంస్థలో నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఉండి దిగిపోయాను, అందులోనే వీళ్ళు ఇప్పుడు చేరారట. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. వాళ్ళలో వాల్మీకిపురం పిల్ల ఒకతి కూర్చోగానే అడిగేసింది.

"మేడం, కాలేజీలో రెండేండ్లు సమాజం గురించి సిద్ధాంతాలన్నీ బట్టీ పట్టినాము. ఈడికొచ్చి సూస్తే మాత్రలిచ్చేదీ, సంతకాలు పెట్టించేదీ, అంతే ఉండాది. ఆ థియరీ అంతా దేనికి మేడం?"

నేను నవ్వి ఏదో చెప్పి పంపించేశాను. వాళ్ళు గేటు దాటగానే నా మీద నాకే కోపం వచ్చింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. కానీ జవాబు చెప్పాలంటే రత్నమ్మ సంగతి చెప్పాలి. రత్నమ్మ సంగతి చెప్పాలంటే నేను చేసిన తప్పు చెప్పాలి. అందుకే నవ్వి ఊరుకున్నాను, అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు.

ఇప్పుడు రాస్తున్నాను. నాకు వచ్చిన శాలువాలు, నేను ఎక్కిన మెట్లు ఇందులో ఉండవు. అవి ఎవరికీ పనికిరావు, నాకే పనికిరాలేదు.

నువ్వు రాకపోతే ఎవరు అడుగుతారు?

మాకు పాఠం చెప్పిన మేడం సమాజాన్ని మూడు రకాలుగా చూడొచ్చు అనేవారు. ఒక ఇల్లు అనుకోండి. ఇల్లు నడుస్తోందంటే అందులో తలా ఒక పని చేస్తున్నారని అర్థం. కాబట్టి ఏ అలవాటు, ఏ కట్టుబాటు చూసినా ఇది ఏ పని చేస్తోంది, దేన్ని నిలబెడుతోంది అని అడగాలి. ఇది మొదటి చూపు. అదే ఇంట్లో పెత్తనం ఎవరిది, ఎవరి మాట చెల్లుతుంది, ఎవరు నోరు మూసుకుని సరే అంటున్నారు అని అడిగితే అది రెండో చూపు. మూడోది చిన్నగా కనిపిస్తుంది కానీ అన్నిటికన్నా కష్టం. ఒకరు చేసినదాన్ని ఎదుటివాళ్ళు ఏమని అర్థం చేసుకుంటున్నారు? ఒక చూపు, పక్కకు జరగడం, తలుపు సగం వేయడం, వీటికి ఆ వీధిలో ఏ అర్థం ఉంది? "మూడూ కలిపి వాడండి, ఒక్కటే పట్టుకుంటే ఊరు మీకు సగమే కనిపిస్తుంది" అని ఆవిడ ఏడాది పొడుగునా చెప్పారు. నేను పరీక్షలో బాగానే రాశాను.

గుంపు వేరు, బృందం వేరు అన్నది కూడా ఆమె చెప్పిందే. మదనపల్లె టమోటా మార్కెట్టుకు పొద్దున్నే పోయి చూడండి, కాలు పెట్టడానికి చోటుండదు. అదంతా గుంపు. అందులో ఒకరు రాకపోతే ఇంకొకరికి తెలియనే తెలియదు. అదే మార్కెట్టులో క్రేట్లు దించే హమాలీలు పదిమంది ఒక మూల కూర్చుని ఉంటారు. ఒకడు రాకపోతే మిగతావాళ్ళంతా 'యాడికి పోయినాడ్రా' అని ఆరా తీస్తారు. అది బృందం. నేను పల్లెల్లో తిరిగినన్నాళ్ళూ ప్రతి రోగినీ అడిగే మొదటి ప్రశ్న ఇదే. 'నువ్వు ఒకరోజు కనపడకపోతే మొదట ఎవరు అడుగుతారు?' మందు ఎవరి చేత ఇప్పించాలో ఆ జవాబులో ఉంటుంది. ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని నేను చాలామందిని నిలబెట్టాను. ఆ గర్వమే తర్వాత నా కళ్ళకు అడ్డం పడింది.

కుప్పం రైల్లో మునెప్ప

మొదట బాగా జరిగిన సంగతి చెబుతాను, ఎందుకంటే నా తప్పు అక్కడే మొదలైంది.

అప్పుడు నన్ను కుప్పం వైపు వేశారు. అక్కడి మగవాళ్ళు చాలామంది పొద్దున రైలెక్కి బెంగుళూరులో కూలిపనికి పోయి రాత్రికి తిరిగొస్తారు. మునెప్ప అలాంటి మనిషి, సెంట్రింగు పని. క్షయకు ఆరు నెలలు మందు మింగాలి. ఆ రోజుల్లో వారానికి మూడు దినాలు, ఒకరి కళ్ళముందు మింగాలని నియమం. మునెప్ప రెండు నెలలు మింగి, దగ్గు తగ్గగానే మానేశాడు. భార్య చెప్పింది, వినలేదు. ఊరి పెద్దలు చెప్పారు, తల ఊపి పోయాడు. నేను కేకలేశాను, నవ్వాడు.

నాకు పట్టుదల వచ్చి ఒకరోజు అతను ఎక్కే రైలే ఎక్కాను. ఎప్పుడూ అదే పెట్టె, అవే సీట్లు, అదే ఎనిమిది మంది. ఒకాయన ముందే వచ్చి కిటికీ పక్క సీటులో తువ్వాలు వేసి పెట్టాడు. ఎవరో కూర్చోబోతే "ఆడ మా మునెప్ప కూర్సుంటాడు, లేసి ఇట్ల రాప్పా" అని లేపేశాడు. మునెప్ప ఊరు నాకు అప్పుడు కనిపించింది. అతని ఊరు కుప్పం పక్కన కాదు, ఆ రైలు పెట్టెలో ఉంది.

మునెప్పను పక్కకు పిలిచి అడిగాను. "వీళ్ళకు నీ జబ్బు సంగతి చెప్పొచ్చునా?"

"వాళ్ళకు తెల్దా ఏందమ్మా? దగ్గుతాంటే గాలి తగలాలని కిటికీ కాడ కూర్సోబెట్టిందే వాళ్ళు."

ఆ తువ్వాలు ఆయన చేతికే మాత్రలిచ్చాను. వారానికి మూడు పొద్దులు రైల్లోనే మునెప్ప మాత్రలు మింగాడు. మానేస్తానంటే ఏడుగురూ కలిసి వాణ్ణి ఉతికి ఆరేశారు. ఆరు నెలలూ పూర్తయ్యాయి. మునెప్ప ఇప్పుడు మనవళ్ళను ఎత్తుకుంటున్నాడు.

మా పై అధికారి జయరాజు సారుకు ఈ సంగతి తెగ నచ్చింది. జయరాజు సారు చెడ్డవాడేం కాదు. కష్టపడే మనిషి. కాకపోతే ఒకచోట పనిచేసింది అన్నిచోట్లా పనిచేయాలనుకునే రకం. "చూశావా సుశీలా, కొత్తగా మనమేదీ కట్టక్కర్లేదు. జనం ఎక్కడ చేరుతున్నారో అక్కడ మందు పెట్టు. అంతే!" అన్నాడు. నేనూ అదే నమ్మాను.

అందులో నేను నేర్చుకోవలసింది అది కాదు. ఆ ఏడుగురూ మునెప్పను వదులుకోకూడదని నేను రాకముందే అనుకున్నారు. చోటు ముందే ఇచ్చారు. నేను చేసింది మాత్రల పొట్లం చేతికివ్వడమే. నేను మాత్రం 'జనం చేరే చోటు' అన్న మాట పట్టుకుని పుంగనూరు వచ్చాను.

నా గొప్ప ఆలోచన

పుంగనూరుకూ సదుముకూ మధ్య ఒక ఊరు. పేరు రాయను, ఆ ఊరివాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు.

రత్నమ్మకు ముప్పై ఏళ్ళ లోపే. భర్త లారీ బోల్తా పడి పోయాడు. ఇంట్లో ఆమె, మోకాళ్ళు పట్టేసిన అత్త చెంగమ్మ, జెర్సీ రకం సీమావులు రెండు. పొద్దునా సాయంత్రం ఆ రెండు ఆవుల పాలు ఊళ్ళోని పాల కేంద్రంలో పోస్తేనే ఆ ఇంట్లో సంగటి. ఇంకో దారి లేదు. మాత్రల కోసం మూడు కిలోమీటర్లు నడిచి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి పోవాలి. ఆ వేళకు పోతే పాలవేళ తప్పుతుంది. పాలు పోసి పోతే అక్కడ మందులిచ్చే ఆమె ఇంటికి వెళ్ళిపోతుంది. అందుకని వారానికి ఒక పూట మాత్రలు తప్పుతున్నాయి.

మీకు ఈ వైపు పల్లెలు తెలిస్తే పాల కేంద్రం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. గుడికి పోనివాళ్ళుంటారు, చర్చికి రానివాళ్ళుంటారు, పంచాయతీ గడప తొక్కనివాళ్ళుంటారు. పాల కేంద్రానికి మాత్రం అన్ని వీధులవాళ్ళూ రోజుకు రెండుసార్లు వస్తారు. చిన్న రేకుల షెడ్డు, పాల కొలత, వెన్న శాతం చూసే మిషను, వరసగా క్యాన్లు. పెళ్ళి సంబంధాలు అక్కడే తేలతాయి, తగాదాలు అక్కడే ముదురుతాయి. నేను అక్కడ నిలబడి చూసి, నా పుస్తకంలో గీసుకున్న ఊరి పటంలో ఆ షెడ్డు చుట్టూ ఎర్ర సున్నా చుట్టాను. ఊరికి గుండెకాయ దొరికిందని సంబరపడ్డాను.

కేంద్రం నడిపే రెడ్డెప్ప మర్యాదస్తుడు. మందుల డబ్బా తన బల్ల సొరుగులో పెట్టుకుంటానని, పాలు పోయడానికొచ్చినప్పుడు రత్నమ్మ చేత మింగిస్తానని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత రత్నమ్మకు చెప్పాను. గమనించండి, ఆ తర్వాత చెప్పాను.

"కేంద్రం తావనా మేడం?" అంది. "ఆడ అందరూ ఉంటారే."

"ఉండనీమ్మా. రోగమే గదా, దొంగతనం కాదు గదా. దాచుకునేదేముండాది?"

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. "మీరు చెప్తే సరే మేడం" అంది.

మన వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఈ మాటకు భయపడాలి. 'మీరు చెప్తే సరే' అంటే ఒప్పుకున్నట్టు కాదు. మీకు ఎదురు చెప్పే స్థితిలో నేను లేను అని. ఆమెకు మాత్రలిచ్చేది నేను, జీపులో వచ్చేది నేను, ఇంగ్లీషులో రాసుకునేది నేను. ఇందాక చెప్పిన రెండో చూపు ఇదే, ఎవరి మాట చెల్లుతుంది అన్నది. ఆ చూపుతో చూసుంటే ఆమె నోటినుంచి వచ్చింది 'వద్దు' అన్న మాటేనని నాకు తెలిసేది. మునెప్పను నేను అడిగాను. రత్నమ్మకు చెప్పాను. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

నెల రోజులు ఒక్క మాత్ర కూడా తప్పలేదు. జయరాజు సారు పొంగిపోయి, మా పని చూపించడానికి బయటి ఊళ్ళ నుంచి కొందరిని జీపులో వెంటబెట్టుకొచ్చాడు. సరిగ్గా పాలవేళకే తెచ్చాడు. రత్నమ్మ ఒక చేత్తో క్యాను, ఒక చేత్తో మాత్రలు పట్టుకుని నిలబడితే ఫొటోలు తీశారు. వెనక వరసలో నిలబడ్డ ఆడవాళ్ళంతా చూస్తున్నారు. నేను రత్నమ్మను కాస్త ఇటు తిరగమన్నాను, వెలుతురు బాగుంటుందని. సిగ్గుచేటు!

ఎవరూ ఏమీ అనలేదు

తర్వాత జరిగింది నాకు ముక్కముక్కలుగా తెలిసింది. వరసగా చెబుతాను.

మొదట వరసలో రత్నమ్మకు ముందూ వెనకా కొంచెం ఎడం వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత రెడ్డెప్ప, "నువ్వు మాత్రలు మింగాల గదమ్మా, నిదానంగా కడాకు రా" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. వరసలో చివరికి పోయింది. ఆ తర్వాత ఆమె పాలు పెద్ద క్యానులో కలపకుండా విడిగా ఒక చిన్న క్యానులో పోయించడం మొదలైంది. ఒకరోజు మిషనులో శాతం తక్కువ చూపిస్తోందని వెనక్కి పంపారు. ఇంకోరోజు పులిసినట్టుందన్నారు. అప్పుడే పిండిన పాలు! అత్త చెంగమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మెల్లగా నడుస్తూ క్యాను తెచ్చి చూసింది. ఏ ఇంటి పాలో అందరికీ తెలుసు, అవీ పులిసిపోయాయనే అన్నారు.

ఒక వారం పాలు ఇంట్లోనే ఉండిపోయాయి. తోడుపెట్టి, చిలికి, దూడలకు పట్టి, మిగిలింది దిబ్బలో పోసుకున్నారు. అప్పుడు రత్నమ్మ తనకు తానే ఒక దారి వెతుక్కుంది. పొద్దున్నే కేంద్రానికి పోయి అందరి ముందూ రెడ్డెప్పతో గట్టిగా చెప్పింది. "అన్నా, నాకు పూర్తిగా నయమయింది. డాక్టరు చాలన్నాడు. ఆ డబ్బా తీసేయండి."

రెడ్డెప్ప సొరుగులోంచి డబ్బా తీసి ఎవరికీ కనపడకుండా లోపల పెట్టాడు. ఆ సాయంత్రం నుంచి ఆమె పాలు పెద్ద క్యానులో పడ్డాయి.

అర్థమయిందా? మాత్రలు మింగినన్నాళ్ళూ ఆమె వల్ల ఎవరికీ ప్రమాదం లేదు. మానేసిన రోజు నుంచే ఉంది. ఊరు మాత్రం సరిగ్గా తలకిందులుగా చూసింది. ఊరికి రోగం దగ్గులో కనిపించలేదు, ఆ డబ్బాలో కనిపించింది. ఆ డబ్బా తెచ్చి వాళ్ళ కళ్ళముందు పెట్టింది నేను.

ఇరవై రోజుల తర్వాత నాకు తెలిసి పరిగెత్తాను. రత్నమ్మ గాటిపాట్లో పేడ ఎత్తుతోంది.

"మందు యాల మానేసినావు? బుద్ధి ఉండాదా నీకు?" అన్నాను.

"మాత్రలు మింగితే పాలు పోయించుకోరు. పాలు పోయకపోతే మేము తినేదేంది మేడం? మీరు చెప్పండి, ఇంటాను."

"ఇంటికే తెచ్చిస్తాను. ఎవరికీ తెలియకుండా."

"మీ జీపు మా వీధిలోకి రావద్దు మేడం. మీ కాళ్ళు పట్టుకుంటా. మీరొస్తే మళ్ళా మొదలైతాది."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంత చేస్తే నన్నే రావద్దంటుందా అనిపించింది. "అట్లయితే నీ కర్మ" అని వచ్చేశాను. ఆ మాట నా నోటినుంచే వచ్చింది. తర్వాత మా రికార్డులో సహకరించని రోగి అని రాశాను. మీరు కూడా ఆ మాట రాయబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. ఎవరు ఎవరికి సహకరించలేదో చూసుకోండి.

అయిదు నెలల తర్వాత ఆమెను ఆటోలో ఆసుపత్రికి తీసుకొచ్చారు. అప్పటికి మామూలు మందులు పనిచేసే స్థితి దాటిపోయింది. పంతొమ్మిది రోజులు ఉంది. చివరి వారంలో మాట రావడం కష్టమైంది. నేను పక్కన కూర్చుంటే, "సీమావులకు నీళ్ళు ఎవరు పెడతాండారో" అని అడిగింది. నా మీద ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

భయం జాడ

క్షయ పనిలో ఒక పద్ధతి ఉంది. ఒకరికి జబ్బు వచ్చిందంటే అది ఎవరి నుంచి వచ్చిందో వెనక్కి పోయి వెతుకుతాం. ఇంట్లో ఎవరు దగ్గుతున్నారు, వాళ్ళకు ఎవరి నుంచి వచ్చింది అని ఇల్లిల్లూ అడుగుతాం. రత్నమ్మ పోయిన నెలకు నాకొక పంతం పట్టింది. జబ్బుకు తీసినట్టే ఆ భయానికి కూడా జాడ తీయాలి. ఆ పాలు వద్దని మొదట అన్నది ఎవరో తేల్చాలి. తేల్చి ఏం చేద్దామనుకున్నానో నాకే తెలియదు. వాళ్ళ మొహం మీదే అడగాలనుకున్నాను, అంతే.

మొదట రెడ్డెప్ప దగ్గరికి పోయాను.

"నేను పాలు వద్దంటినా ఏందమ్మా?" అన్నాడు, కళ్ళు ఎర్రబడ్డాయి. "నాకేముండాది? ఆడోళ్ళు గొణుగుతాండ్రి. గొడవ కాకూడదని కడాకు రమ్మన్నా. నాగమ్మను అడగండి, ఆమే ఎక్కువ."

నాగమ్మ వరసలో ఎప్పుడూ రత్నమ్మ వెనకే నిలబడేది. "అయ్యో సామీ, ఆ పిల్లంటే నాకు పాణం" అంది. "నాకేం భయం లేదు. డెయిరీ వ్యాన్లోళ్ళకు తెలిస్తే ఊరి పాలే వద్దంటారని అందరూ అంటాండ్రి. నేనొక్కదాన్ని ఏం సేసేది?"

"అందరూ అంటే ఎవరు నాగమ్మా?"

"అందరూ అంటే... అందరే."

వ్యాను డ్రైవరును ఆపి అడిగాను. అతనికి అసలు సంగతే తెలియదు. "మాకెందుకమ్మా అది, కాంచేది కాంచేదే గదా, ఎవురి పాలైతే ఏంది" అన్నాడు.

ఇల్లిల్లూ తిరిగాను. పదిహేను ఇళ్ళ పైనే. 'నాకైతే పట్టింపు లేదు, వాళ్ళకుంది' అన్నారు ప్రతివాళ్ళూ. ఆ వాళ్ళ దగ్గరికి పోతే వాళ్ళు ఇంకొకరిని చూపించారు. రత్నమ్మ పాలు వద్దనుకున్న మనిషి ఆ ఊళ్ళో ఒక్కరూ దొరకలేదు. అయినా పాలు వెనక్కి పోయాయి, మనిషి పోయింది. వాల్మీకిపురం అమ్మాయీ, నువ్వడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇది. సమాజం అంటే మనుషుల మొత్తం కాదు. ఒక్కొక్కరిని విడదీసి అడిగితే అందరూ మంచివాళ్ళే. వాళ్ళ మధ్య ఏదో ఉంటుంది, అది ఎవరి ఇంట్లోనూ ఉండదు, అందరి మీదా పెత్తనం చేస్తుంది. ఎదుటివాడు ఏమనుకుంటాడో అన్న ఊహతోనే అది బతుకుతుంది. ఒక్కొక్కరికి నచ్చజెప్పి దాన్ని పోగొట్టలేం, ఎందుకంటే ఒక్కొక్కరిలో అది లేదు. వాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఒకరి మాట ఒకరు వినేలా 'నాకు పట్టింపు లేదు' అని అనిపించి ఉంటే, బహుశా ఒక్క పూటలో తేలిపోయేది. ఆ పని నాకు ఆమె బతికుండగా తోచలేదు.

ఇదంతా ఆ రోజు నా తలలో చకచకా అమరిపోయింది. నిజం చెబుతున్నాను, మనసులో ఒక మూల కాస్త తృప్తి కూడా కలిగింది. ఇది మీటింగులో చెప్పొచ్చు అనుకున్నాను. అలా అనుకుంటూనే ఆఖరి ఇంటికి పోయాను. రత్నమ్మ ఇంటికి సరిగ్గా ఎదురిల్లు, సరోజది. అప్పటిదాకా నాలుగు ఇళ్ళలో ఆమె పేరు వినిపించింది.

సరోజ అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. మిగతావాళ్ళలాగా తడబడలేదు.

"అవును మేడం, నేనే చెప్పినా. కట్టుకథేం చెప్పలా. కండ్లారా సూసింది చెప్పినా."

"ఏం చూసినావు?"

"మిమ్మల్నే."

ఆమె చేతిలోని శనక్కాయలు చేటలో పోసి నా వైపు తిరిగింది.

"మీరొచ్చినప్పుడల్లా రత్నమ్మ మీకు కాఫీ తెచ్చిస్తాండె. ఆవు పాలు పిండి, అప్పుడే కాంచి, కొత్త గ్లాసులో తెస్తాండె. మీరు ఒక్క తూరి గూడా తాగలా. 'ఇప్పుడే తాగొచ్చినా' అంటారు, గ్లాసు అట్లనే పెట్టేస్తారు. మా అరుగు మీదికి అంతా కనపడతాది గదా. సదువుకున్న ఆయమ్మ, ఆ రోగం సంగతంతా తెలిసిన ఆయమ్మ, ఆమే ఆ పాలు నోట్లో పెట్టలేదంటే దాంట్లో ఏమో ఉండాదనే గదా మేము అనుకునేది? అదే నాగమ్మకు చెప్పినా. తప్పు చెప్పినానా మేడం?"

తప్పు చెప్పలేదు. రోగుల ఇళ్ళలో ఏమీ తినకూడదు, తాగకూడదు అని మా సంస్థలో నియమం. చేరిన మొదటి రోజే జయరాజు సారు చెప్పాడు. రోగి మనకు రుణపడినట్టో, మనం రోగికి రుణపడినట్టో ఉండకూడదని. కారణం మంచిదే. ఆ నియమాన్ని చూపించి నేను తప్పించుకోవచ్చు. కానీ గ్లాసు ద్వారా, కాచిన పాల ద్వారా ఈ జబ్బు అంటదని ఎన్నో ఊళ్ళలో బొమ్మలు చూపించి చెప్పినదాన్ని నేను. ఆ గ్లాసు నా ముందుకు వచ్చిన ప్రతిసారీ నియమం ఉంది కాబట్టి సరిపోయింది అని లోపల ఊపిరి పీల్చుకున్నదాన్నీ నేనే. ఒక ఇంట్లో ఇచ్చింది తాగకపోతే ఏమని అర్థమో ఈ సీమలో పుట్టిన ప్రతి బిడ్డకూ తెలుసు. మా అమ్మవాళ్ళకు ఎన్ని ఇళ్ళలో గ్లాసు విడిగా పెట్టారో వింటూ పెరిగాను. నాకు తెలియదని ఎలా చెప్పను?

ఊరి పటం గీశాను. ఇళ్ళు, బావులు, బడి, పాల కేంద్రం అన్నీ పెట్టాను. ఆ ఊళ్ళోకి వచ్చి కూర్చుని లేచి వెళ్ళిపోయే నన్ను మాత్రం అందులో పెట్టలేదు. సిద్ధాంతం అంతా వాళ్ళకే వర్తిస్తుందనుకున్నాను.

వీధి దాటి చెంగమ్మ దగ్గరికి పోయాను. గాటిపాడు ఖాళీగా ఉంది, ఆవుల్ని అమ్మేశారు. ఆమె గడపలో కూర్చుని ఉంది. మా మాటలు ఆమెకు వినిపించే ఉంటాయి. పక్కన కూర్చున్నాను. అడగాల్సింది అడిగాను.

"నేను తాగనందుకు రత్నమ్మ ఏమన్నా అనుకునిందా చెంగమ్మా?"

"దానికి తెల్దా అమ్మా?" అంది చెంగమ్మ, నా వైపు చూడకుండా. "మీరు పోయినాక ఆ కాఫీ అదే తాగేది. ఈడ పారబోస్తే ఎదురింటోళ్ళు సూస్తారని, గ్లాసు కొంగు కింద పెట్టుకోని లోపలికి తీసుకపోయి, నిలబడి తాగేది. సల్లారిపోయినా తాగేది. 'మేడం తాగేసింది అత్తా, బాగుండాదనింది' అని గట్టిగా చెప్పేది నాకు, వీధిలోకి ఇనపడేటట్టు."

నేను ఇంకాసేపు అక్కడే కూర్చున్నాను. ఆ రోజు ఆమె నన్ను ఏమీ తాగమని అడగలేదు.